కరెంటు చేతికిచ్చే ముందు

(కోనరావుపేటలో జరిగిన మైనారిటీ హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

పోలీసులు మనుషులను లొంగదీసుకోవడానికి స్టన్ గన్ వాడవచ్చునా అన్నది మాకు అప్పగించిన అంశం. ఇది అమెరికా ముచ్చట, మన మండలానికి దీనితో పనేమిటని ఉదయం ఒక మిత్రుడు అడిగారు. కరెంటు అంటే ఏమిటో ఈ జిల్లాకు ఒకరు చెప్పనవసరం లేదు. సిరిసిల్లలో సాంచాల మీద బతికే కార్మికునికి తెలుసు. తెల్లవారకముందే బావి వద్దకు పోయి, తడి చేతితో స్టార్టరు డబ్బా ముట్టిన రైతు కుటుంబానికి ఇంకా బాగా తెలుసు. ఆ కరెంటును ఒక మనిషి మరొక మనిషి మీద కావాలని ప్రయోగించే అధికారం గురించి ఈ రోజు మాట్లాడుకుంటున్నాము.

ముందు ఆ పరికరం ఎట్లా పనిచేస్తుందో చెప్పుకుందాము. టేజర్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఆయుధం పిస్తోలు ఆకారంలో ఉంటుంది. మీట నొక్కితే సన్నని తీగలు కట్టిన రెండు ముళ్లు దూసుకువచ్చి బట్టలకు, చర్మానికి గుచ్చుకుంటాయి. ఒకసారి నొక్కితే సాధారణంగా అయిదు సెకన్ల పాటు కరెంటు ప్రవహిస్తుంది. కండరాలు బిగుసుకుపోతాయి, మనిషి మొద్దులాగా పడిపోతాడు. పాత నమూనాల మీద 50,000 వోల్టులని రాసి ఉండేది. వోల్టులు ఎక్కువైనా ఒంట్లో పారే కరెంటు చాలా తక్కువ కనుక ప్రాణాపాయం లేదని తయారీదారులు చెబుతారు. ఆరోగ్యవంతుని విషయంలో చాలాసార్లు అది నిజమే కావచ్చును. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, బక్కపలుచని పిల్లలు, మత్తులో ఉన్నవారు, గోడ మీదనో మిద్దె మీదనో నిలబడినవారు ఆ లెక్కలోకి రారు. ముళ్లు గుచ్చుకునే ముందు ఎదుటివాని గుండె ఎట్లా ఉందో ఏ కానిస్టేబులుకు తెలుస్తుంది?

దీనికి రెండవ పద్ధతి ఉంది. మా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. ముళ్లు వదలకుండా పరికరాన్ని నేరుగా ఒంటికి ఆనించి నొక్కవచ్చును. షాక్ కొట్టే లాఠీలు పనిచేసేదీ ఇట్లాగే. ఈ పద్ధతిలో శరీరం మొత్తం బిగుసుకుపోదు, నొప్పి మాత్రమే పుడుతుంది. కత్తి పట్టుకుని మీదికి వచ్చేవానిని ఆపడానికి అది పెద్దగా అక్కరకు రాదు. అప్పటికే దొరికిన మనిషిని, చేతులు కట్టివేసిన మనిషిని బాధపెట్టడానికి మాత్రం చక్కగా అక్కరకు వస్తుంది. ఐక్యరాజ్యసమితి తరఫున చిత్రహింసల అంశాన్ని పరిశీలించే ప్రత్యేక ప్రతినిధి ఆలిస్ ఎడ్వర్డ్స్ 2023లో ఇచ్చిన నివేదికలో, ఒంటికి ఆనించి షాక్ ఇచ్చే సాధనాలను స్వభావరీత్యానే క్రూరమైనవిగా పేర్కొని, వాటి తయారీని, అమ్మకాన్ని నిషేధించాలని కోరారు.

ఇక మన అనుభవానికి వద్దాము. 2007 మే 18, శుక్రవారం. హైదరాబాదు మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది మరణించారు. ఆ తరువాత పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు పోయారు. శవాలు మనవి, అనుమానం కూడా మన మీదనే. పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో యువకులను పట్టుకుపోయారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ వారిని కలిసి, విచారించి, కరెంటు షాకులతో సహా వారిని హింసించిన తీరును తన నివేదికలో నమోదు చేశారు. న్యాయస్థానాలు ఆ యువకులను నిర్దోషులని విడిచిపెట్టాయి. ప్రభుత్వం 20 మందికి 3 లక్షల రూపాయల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. పేలుడు కేసులో ఆ తరువాత అభియోగాలు ఎదుర్కొన్న వేరే వ్యక్తులు కూడా 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానంలో నిర్దోషులుగా బయటపడ్డారు. అంటే మసీదులో బాంబు పెట్టిన నేరానికి శిక్ష పడినవారు లేరు. మన పిల్లలకు కరెంటు పెట్టినందుకు జైలుకు పోయిన అధికారి కూడా లేడు.

అప్పటికి మన పోలీసుల నడుముకు స్టన్ గన్ లేదని గుర్తుంచుకోవాలి. చట్టంలో చోటు లేని వస్తువుతోనే అంత పని జరిగింది. రేపు అదే వస్తువును ప్రభుత్వమే కొని, రసీదు రాసి, శిక్షణ ఇచ్చి చేతికి అందిస్తే, ఠాణా గదిలో అది ఎవరి మీద పడుతుందన్నది మా ప్రశ్న. లాఠీ దెబ్బకు వాత తేలుతుంది, తల్లి చూస్తుంది, డాక్టరు రాస్తాడు. కరెంటు గుర్తు చిన్నది, రెండు మూడు రోజుల్లో మాసిపోతుంది.

దూరం పోనవసరం లేదు. 2017 జూలై మొదటి వారంలో ఇదే జిల్లాలోని నేరెళ్లలో ఇసుక లారీ కింద పడి ఒక మనిషి చనిపోయాడు. ఆగ్రహించిన జనం లారీలను తగలబెట్టారు. ఆ పైన పోలీసులు తీసుకుపోయిన దళిత, బీసీ సోదరులు తమను ఠాణాలో చిత్రహింసలు పెట్టారని చెప్పుకున్నారు. లోక్‌సభ మాజీ స్పీకర్ మీరాకుమార్ స్వయంగా వచ్చి వారిని పరామర్శించారు. అందులో ముస్లిం పేరు లేదని మనం ఊరుకోవలసిన విషయమా అది? 2021 జూన్‌లో అడ్డగూడూరు ఠాణాలో మరియమ్మ అనే దళిత మహిళ ప్రాణం పోయింది. 2023 ఫిబ్రవరిలో మెదక్ కూలీ ఖదీర్ ఖాన్ గాంధీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. గొలుసు దొంగతనం అనుమానంతో పట్టుకుపోయి, రోజుల తరబడి కొట్టారని కుటుంబం చెప్పింది. పత్రికా కథనాల మీద హైకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టింది. ఈ ముగ్గురి కథలోనూ పారిపోతున్నవాడు లేడు, తిరగబడినవాడు లేడు. గదిలో ఉన్న మనిషి, తలుపు మూసిన మనుషులు, అంతే.

ఎదుటివారి వాదన కూడా న్యాయంగా వినాలి. తుపాకీ గుండు చంపుతుంది, లాఠీ తల పగులగొడుతుంది, స్టన్ గన్ అయితే మనిషి బతికి బయటపడతాడు అంటారు. మతి చలించి, చేతిలో కత్తితో ఇంటివారిని తరుముతున్న కొడుకును తుపాకీతో ఆపే కంటె దీనితో ఆపడం మేలు కాదా అంటారు. ఈ మాటలో నిజం ఉంది. అటువంటి కొడుకు ఉన్న తల్లి ఇక్కడ లేచి, నా బిడ్డకు గుండు కంటె ఇదే నయమంటే, కాదనే ధైర్యం మాకు లేదు.

అయితే మన రాష్ట్రంలో గుండ్లు ఎట్లా పేలాయో చూడండి. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకుపోతున్న అయిదుగురు విచారణ ఖైదీలను ఆలేరు వద్ద పోలీసు వ్యానులోనే కాల్చివేశారు. చేతులకు బేడీలున్న శవాల ఛాయాచిత్రాలు దేశమంతా చూసింది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితులను కాల్చారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ ప్రాణాలు పోయింది స్టన్ గన్ అందుబాటులో లేనందువల్లనా? జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978 అక్టోబరులో కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు, ఎస్సై స్థాయి అధికారికి కాల్చే అధికారం దక్కింది. ఇక్కడి ముసలివారికి ఆ రోజులు గుర్తే. అధికారం చేతికి వచ్చిన తరువాత అవసరం దానంతట అదే పుట్టుకువస్తుందని ఈ నేల చూసింది.

మక్కా మసీదు పేలుడు జరిగిన ఏడాదే, 2007 అక్టోబరు 14న, కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో ఒక సంఘటన జరిగింది. రాబర్ట్ జికాన్స్కీ అనే పోలండు దేశస్థుడు తల్లి దగ్గర ఉండడానికి వచ్చాడు. ఇంగ్లీషు రాదు. గంటల తరబడి విమానాశ్రయంలోనే దిక్కు తోచక తిరిగాడు. తల్లి బయట వెతుకుతూనే ఉన్నది. చివరికి విసిగి కుర్చీలు, వస్తువులు విసరసాగాడు. నలుగురు పోలీసులు వచ్చారు, నిమిషం తిరగకముందే టేజర్ వాడారు. అయిదుసార్లు షాక్ ఇచ్చారు. అతడు అక్కడే ప్రాణం విడిచాడు. కోరుట్ల, జగిత్యాల నుంచి దుబాయి, మస్కట్ విమానం ఎక్కిన మన పిల్లల్లో భాష రాక, కాగితాలు పట్టుకుని అట్లా నిలబడనివాడు ఎవడు? ఒక ప్రయాణికుడు వీడియో తీయకపోతే, మీదికి వచ్చాడన్న పోలీసు కథే మిగిలేది. బ్రెయిడ్‌వుడ్ కమిషన్ ఆ ప్రయోగం సమర్థనీయం కాదని తేల్చింది. ఇద్దరు అధికారులకు విచారణలో అబద్ధం చెప్పిన నేరానికి శిక్ష పడింది. ఇంగ్లండులో 2016లో మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు, నల్లజాతీయుడు డాలియన్ అట్కిన్సన్ మీద ఒక పోలీసు 33 సెకన్ల పాటు మీట వదలలేదు, పడిపోయిన మనిషి తలపై తన్నాడు. అయిదు సెకన్ల పరికరం 33 సెకన్లు ఎట్లా పనిచేసిందంటే, నొక్కి పట్టుకుంటే అది ఆగదు కనుక. ఆ పోలీసుకు 2021లో ఎనిమిదేళ్ల జైలుశిక్ష పడింది. పరికరం ప్రతి ప్రయోగాన్నీ క్షణాలతో సహా తనలో నమోదు చేసుకోవడం ఆ కేసులో అక్కరకు వచ్చింది.

మన ధర్మం ఈ విషయంలో ఏమంటుందని కొందరు యువకులు అడిగారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఒక సంఘటన చెబుతాము. హిషామ్ బిన్ హకీమ్ అనే సహాబీ షామ్ దేశంలో పోతూ, పన్ను కట్టని కొందరు రైతులను ఎండలో నిలబెట్టడం చూశారు. వారు ముస్లిములు కారు. లోకంలో మనుషులను హింసించేవారిని అల్లాహ్ హింసిస్తాడని ప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆయన అక్కడే సాక్ష్యం పలికారు, అధికారి వద్దకు పోయి ఆ మాటే చెప్పారు. ఆ అధికారి రైతులను విడిపించాడు. బాధితులు మనవారు కానప్పుడు కూడా మాట్లాడిన మనిషి ఆయన. నేరెళ్లను గురించి పైన అడిగిన ప్రశ్న అందుకే అడిగాము.

మా అభిప్రాయం దాచము. ఇప్పుడున్న స్థితిలో మన ఠాణాల చేతికి స్టన్ గన్ ఇవ్వడాన్ని మేము వ్యతిరేకిస్తున్నాము. భారతదేశం చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికపై 1997లో సంతకం చేసింది, ఈనాటికీ ధ్రువీకరించలేదు. ప్రతి ఠాణాలో రాత్రి కూడా చూడగలిగే, మాట కూడా వినిపించే కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. ముందు అవి పనిచేయాలి, ఆ దృశ్యాలు అడిగిన బాధితునికి అందాలి. ఆ తరువాత కూడా ఎవరైనా తేదలిస్తే, తుపాకీ తీయక తప్పని చోట, తుపాకీకి బదులుగా మాత్రమే అనుమతించాలి. ఠాణా గడప లోపలికి ఆ వస్తువు రాకూడదు. ఒంటికి ఆనించి నొక్కడం నేరం కావాలి. ప్రయోగం నమోదు కాని చౌకరకం షాక్ లాఠీలు అసలే వద్దు. మా సంఘంలోనే దీని మీద భేదాభిప్రాయం ఉంది. షరతులతో ఒప్పుకుంటే తలుపు తెరిచినట్టే, పూర్తిగా వద్దనాలని కొందరంటున్నారు. వారి మాటను తేలికగా తీసివేయలేము.

ఈలోగా చేయగలిగిన పని ఉంది. ఇంట్లో పిల్లవానిని పట్టుకుపోతే ఏ ఠాణాకో అడగండి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం అరెస్టు కాగితం రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, కుటుంబానికి తెలపాలి, నిర్బంధంలో ఉన్నంతకాలం 48 గంటలకొకసారి వైద్య పరీక్ష జరగాలి. మేజిస్ట్రేటు ముందు నిలబడ్డప్పుడు కరెంటు పెట్టారని నోరు తెరిచి చెప్పమని, ఒంటి మీద ఎక్కడో చూపమని పిల్లలకు చెప్పండి. సిగ్గుపడి దాచుకున్న చోట్లే ఎక్కువ. నేరం ఒప్పించడానికి హింసించడం భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షను కింద శిక్షార్హం. అరెస్టు కాగితంలో ఉండవలసిన వివరాలు తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించి తెచ్చాము. తల్లుల వైపు ముందుగా పంచమని కార్యకర్తలను కోరుతున్నాము. ప్రశ్నలు ఇషా నమాజు తరువాత తీసుకుంటాము.