భుజమునకు బరువు కాని కెమేరా
(బరంపురమున మన సంఘ సభ్యుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



పదేండ్లుగా మన పట్టణపు నేతవీథులను, పెండ్లిపందిళ్లను, పెద్దల ముఖములను ఛాయాచిత్రములలో నిలుపుచున్నాను. పెద్దదగు డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరాను విడిచి చిన్నదగు మిర్రర్‌లెస్ కెమేరా నేల పట్టితినని మిత్రులు పలువు రడిగిరి. నా సమాధాన మిది.

ముందుగా నా తప్పొకటి ఒప్పుకొనవలెను. మా వీథిలో ఒక మామ్మగారు పాతకాలపు అప్పగింతల పాటలు పాడెడివారు. మూడేండ్ల క్రిందట ఒక సాయంకాలము, గుంటమగ్గము ప్రక్కన కూర్చుండి ఆమె మనుమరాలికి పాట నేర్పుచుండగా చూచితిని. కెమేరా ఇంటనే యున్నది. లెన్సులతో కూడిన సంచి సుమారు నాలుగు కిలోలు. భుజము నొప్పిచే నాడు దానిని తీసికొనిపోలేదు. రేపు చూతమనుకొంటిని. ఆ వారమే ఆమె మంచమెక్కిరి, మరల లేవలేదు.

డి.ఎస్.ఎల్.ఆర్.లో లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దముండును. అది వెలుతురును పైకి మరలించి, ప్రిజము ద్వారా మన కంటికి చేర్చును. మీట నొక్కగనే అద్దము లేచి వెలుతురు సెన్సారుపై పడును. అద్దమునకు చోటు కావలెను గనుక, నికాన్ ఎఫ్ కెమేరాలలో లెన్సు అమరు చోటికిని సెన్సారునకును 46.5 మిల్లీమీటర్ల ఎడము కలదు. అద్దము లేని జెడ్ కెమేరాలలో అది 16 మిల్లీమీటర్లే.

అయినను లాభమును పెంచి చెప్పరాదు. బ్యాటరీతో కూడ నా పాత డి750 తూకము 840 గ్రాములు. కొత్త జెడ్6 తూకము 675. తగ్గినది 165 గ్రాములే! అసలు బరువు లెన్సులది. కావున పెద్ద లెన్సులను ఇంట నుంచి, 170 గ్రాముల 40 మిల్లీమీటర్ల లెన్సొక్కటే తగిలించితిని. ఇప్పుడు మొత్తము కిలోకు లోపే.

అద్దపు చప్పుడు లేదు. నిశ్శబ్దపు షట్టరుతో తీసిన పాడువారు ఉలికిపడరు. మసకగా నుండు నేత ఇంటిలో చిత్రమెంత వెలుగుతో వచ్చునో మీట నొక్కకమునుపే కంటికి కనబడును.

లోపములును కలవు. నిశ్శబ్దపు షట్టరుతో తీసిన, వేగముగా పోవు నాడె వంకరగా పడవచ్చును. ట్యూబులైటు క్రింద చారలు రావచ్చును. ప్రమాణ పరీక్షలో డి750 బ్యాటరీ 1230 చిత్రములకు వచ్చిన, జెడ్6 బ్యాటరీ 310కే. పెండ్లికి పోవునపుడు అదనముగా రెండుంచుకొనవలెను. పాత లెన్సులు అడాప్టరుతో పనిచేయును గాని, మోటారు లేని వాటికి ఫోకసు చేతితో కుదుర్చుకొనవలసినదే.

కావున తొందరపడి పాతది అమ్మకుడు. మొదట మీ సంచిని తూచుడు. ఉన్న కెమేరాకే చిన్న లెన్సొకటి తగిలించి నెలదినములు తిరుగుడు. భుజము తేలికపడినచో కొత్తది కొననక్కర లేదు. అప్పటికిని బరువైనచో కొనుడు.

మొన్న ఆ మనుమరాలు తన చెల్లెలి పెండ్లిలో మామ్మగారి పాటయే పాడినది. చిత్రము తీసితిని, ఆమె తలయెత్తి చూడనైన లేదు. మామ్మగారి చిత్రము మాత్రము నా యొద్ద లేదు. మీ యిండ్లలో పెద్దలున్నారు. ఏ కెమేరా యున్న దానితోనే ఈ వారము వారి యొద్ద కూర్చుండుడని వేడుకొనుచు విరమించుచున్నాను.