హాకథాన్‌లు – కార్మికుని అనుభవం
(కుమ్హారిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



యాజమాన్యాలు ఇటీవల "హాకథాన్" అనే మాటను తరచు వల్లిస్తున్నాయి. సంస్థలోని సిబ్బంది రోజువారీ విధులను పక్కనబెట్టి, ఒకటి రెండు రోజులు చిన్న జట్లుగా కూర్చుని, ఒక చిక్కుకు పరిష్కారాన్ని నమూనాగా తయారుచేసి చూపుటయే దాని సారాంశం. 1999లో కంప్యూటర్ రంగంలో పుట్టిన మాట ఇది. మాట కొత్తదేగాని విషయం కొత్తది కాదు.

జపానులో 1962లో క్వాలిటీ సర్కిళ్లు ప్రారంభమైనప్పుడు మొట్టమొదట నమోదైనది తంతి, టెలిఫోను కార్మికుల సర్కిల్. మన దేశంలో తొలి సర్కిల్ 1980లో హైదరాబాదు సమీపాన రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లో ఏర్పడింది. యంత్రం దగ్గర నిలబడేవానికే దాని జబ్బు తెలుస్తుందన్న గుర్తింపు ఆ ఉద్యమానికి పునాది.

ఈ కుమ్హారి మీదుగా పోయే హౌరా–ముంబయి మార్గాన్నే చూడండి. పొరుగున ఉన్న భిలాయిలో 260 మీటర్ల పొడవు పట్టాలు తయారవుతున్నాయి. అతుకులు తగ్గితే ప్రమాదం తగ్గుతుంది, నిజమే. కాని మిగిలిన ప్రతి అతుకునూ, ప్రతి క్లిప్పునూ ఎండనక వాననక నడిచి చూసేవాడు కీమాన్. ఏ వంపులో క్లిప్పులు వదులవుతాయో, ఏ కల్వర్టు వద్ద నీరు నిలుస్తుందో అతనికి కంఠతా వచ్చు. 2017లో స్మార్ట్ ఇండియా హాకథాన్‌లో విద్యార్థులు ఏకబిగిన 36 గంటలు ప్రభుత్వ శాఖల సమస్యలపై పనిచేశారు. ఆ పిల్లల కృషిని నేను తక్కువ చేయను. ఇటువంటి బల్లల వద్ద ఒక కీమాన్‌కూ, ఒక సార్టరుకూ కుర్చీ వేయాలనే అంటున్నాను.

తపాలా సోదరులకు వేరే ఉదాహరణ అక్కరలేదు. 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన పిన్‌కోడ్‌ను రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ బయటినుండి వచ్చిన సలహాదారు కాదు, తంతి తపాలా శాఖలోని అధికారి. ఒకే పేరుగల ఊళ్లు, పలు భాషల చిరునామాలు తెచ్చిపెట్టే చిక్కు తెలిసిన చోటనే దానికి విరుగుడు పుట్టింది.

అయితే నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. ఒకప్పుడు నేను పనిచేసిన కార్యాలయంలో సంచులు దించే క్రమాన్ని మార్చితే సమయం కలిసివస్తుందని మా జట్టు సూచనల పెట్టెలో ఒక కాగితం వేసింది. ఏడాది తిరిగేసరికి అదే విషయం సర్క్యులరుగా వచ్చింది. అందులో మా పేర్లు లేవు. అంతటితో ఊరుకున్నారా? కలిసివచ్చిన సమయానికి లెక్కకట్టి రెండు పోస్టులు తగ్గించారు! ఆ తరువాత ఆ పెట్టెలో ఒక్క చీటీ పడలేదు.

కనుక హాకథాన్‌ను మనం ఆహ్వానిద్దాం, కళ్లు తెరుచుకుని ఆహ్వానిద్దాం. అందులో గడిపిన గంటలు డ్యూటీ గంటలే కావాలి. సెలవుదినాన పిలిచి టీ, బిస్కట్లతో సరిపెడితే కుదరదు. సూచించినవారి పేర్లు రికార్డుకెక్కాలి. నిరాకరించిన సూచనకు సైతం కారణం వ్రాతపూర్వకంగా రావాలి. అన్నిటికంటె ముఖ్యం, సూచన ఫలితంగా ఏ ఒక్క పోస్టునూ రద్దు చేయబోమన్న హామీ ముందుగానే సంతకమై ఉండాలి. అది లేనిచోట కార్మికుడు తనకు తెలిసినది తనలోనే దాచుకుంటాడు, అతన్ని తప్పుపట్టలేము.

రైల్వేలో పి.ఎన్.ఎం., తపాలాలో జె.సి.ఎం. సమావేశాల అజెండాలో ఈ అంశాన్ని చేర్చవలసిందిగా శాఖా కార్యదర్శులను కోరుతున్నాను. ముసాయిదా వ్రాసేటప్పుడు మీ గ్యాంగుల వారినీ, సార్టర్లనూ ముందుగా అడగండి.