సంతానము గోరు స్త్రీయును, కుంగుబాటు మందులును



పెండ్లియైన కొన్నాళ్లకు ఇంటిలో బిడ్డ మాట వచ్చును. ఆ మాట వచ్చిన మరునాడే, కుంగుబాటునకై ఏండ్ల తరబడి మాత్రలు పుచ్చుకొనుచున్న స్త్రీ వానిని పారవేయుట కద్దు. "కడుపు పండవలసిన వేళ ఈ పిచ్చిమందులేమిటి?" అని పెద్దలనుటయు కద్దు. అత్తవారికి తెలియకుండ మాత్రలు మ్రింగుచు, తెలియకుండనే మానివేయువారును గలరు. వీరి కష్టము మరింత పెద్దది. ఏలయన, మానిన పిమ్మట కలుగు బాధను గూడ వారు దాచుకొనవలసి యుండును. బిడ్డ క్షేమము గోరియే వీరందరు నిట్లు చేయుదురు. అయినను ఒక్క దినమున మానుట తల్లికిని బిడ్డకును గూడ క్షేమకరము గాదు.

మన మెదడులోని నాడీకణములు సెరటోనిన్ అను పదార్థమును విడిచి, మరల లోనికి పీల్చుకొనుచుండును. నేడు విరివిగా వాడబడు కుంగుబాటు మందులలో పెక్కు ఆ పీల్చుకొను ద్వారములను మూసియుంచును. నెలల తరబడి దీనికి అలవాటుపడిన మెదడు, మందు తటాలున తొలగినచో తబ్బిబ్బగును. రెండు మూడు దినములలోనే తల తిరుగుట, వికారము, నిద్రలేమి, పీడకలలు, చిరాకు, తలలో విద్యుత్తు తగిలినట్లు జిల్లుమనుట పొడసూపును. పారాక్సెటీను, వెన్లఫాక్సీను శరీరమునుండి త్వరగా వెడలిపోవును గాన వాని విషయమున ఈ బాధ హెచ్చు. ఫ్లూయాక్సెటీను వారముల తరబడి నిలిచి, తనంతట తానే మెల్లగా తగ్గును.

ఈ బాధలను జూచి వ్యాధి తిరుగబెట్టెనని బెదరువారు గలరు. వ్యాధి తిరుగబెట్టుట సాధారణముగా ఇంత త్వరగా జరుగదు. కొన్ని వారములకు, నెలలకు మెల్లమెల్లగా ముసురుకొనును. అప్పుడు తల జిల్లుమనదు. వంటయింటిలోనికి బోవ బుద్ధిపుట్టదు, పసివారి నవ్వు చూచినను మనసు కదలదు. ఈ భేదమును భర్త గూడ ఎరిగియుండుట మంచిది.

మానదలచినచో మెట్లు దిగినట్లు మానవలెను. ఇందొక చమత్కారము గలదు. మోతాదు సగమైనచో మందు పనియు సగమగునని మనము తలంతుము. అట్లు గాదు. కొలది మోతాదే ఆ ద్వారములలో సగమునకు పైగా మూసివేయును. ఆపై ఎంత హెచ్చించినను కలుగు మార్పు స్వల్పము. కావున 20 మిల్లీగ్రాముల నుండి 10కి దిగుటకంటె 5 నుండి సున్నకు దిగుట మెదడునకు పెద్ద దూకుడు. 2019లో హొరోవిట్జ్, టేలర్ అను శాస్త్రజ్ఞులు ఈ కారణము చూపియే, చివరి మెట్లను మరింత చిన్నవి చేయుమని వ్రాసిరి. దినము విడిచి దినము మాత్ర వేసికొనుట ఈ పద్ధతి గాదు. అందువలన మెదడు ఒకనాడు నిండి, మరునాడు వెలితిపడును. ఎన్ని వారములు, ఎన్ని నెలలు పట్టునన్నది వైద్యుడు మనిషినిబట్టి నిర్ణయింపవలసినది.

ఆరంభము ఎప్పుడు? నెల తప్పినదని గుర్తించునప్పటికి పిండము సుమారు రెండు వారములదై యుండును. మెదడును వెన్నుపామును ఏర్పడు నాళము గర్భము నిలిచిన 28 దినములలోపుననే మూసికొనును. కావున కొన్ని నెలలు ముందుగనే ఆరంభించి, మందు పూర్తిగా మానిన పిదప మనస్సు కొంతకాలము నిలకడగా నుండుట జూచుకొని, అటుపిమ్మట గర్భమునకు యత్నించుట మేలు. అంతదనుక గర్భనిరోధము పాటింపవలెను. ఫోలిక్ ఆమ్లము దినమునకు 400 మైక్రోగ్రాముల చొప్పున ముందునుండియే పుచ్చుకొనుట అందరు స్త్రీలకును మంచిది.

అయితే అందరును మానవలసినదేనా? కాదని నా దృఢాభిప్రాయము. పూర్వము తీవ్రమైన కుంగుబాటునకు లోనైన గర్భిణులను అమెరికాలో పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించిరి. మందు మానిన 65 మందిలో 44 మందికి వ్యాధి తిరుగబెట్టెను. మానని 82 మందిలో 21 మందికి మాత్రమే. ఒక్కమారు తేలికగా వచ్చి, చిరకాలము స్వస్థతతో నున్న స్త్రీ సంగతి వేరు. పలుమారులు పడి లేచినదియు, ప్రాణము తీసికొన యత్నించినదియు నగు స్త్రీకి మందు మానకుండుటయే మేలని వైద్యులు తరచుగా తలంతురు. తిండి మాని, నిద్ర మాని, ఆసుపత్రికి బోవ మనసు లేక పడియున్న తల్లి కడుపులోని బిడ్డకు ఏమి మేలు జరుగును?

మందులన్నియు ఒక్క తీరువి గావు. పారాక్సెటీను మొదటి మూడు నెలలలో శిశువు గుండెకు లోపము కలిగింపవచ్చునని 2005లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ హెచ్చరించినది. అట్టి చోట్ల వైద్యుడు ముందుగనే సెర్ట్రలీను వంటి మరియొకదానికి మార్చవచ్చును. వాల్‌ప్రోయేటు కుంగుబాటు మందు గాదు; మూర్ఛకును, ఉన్మాదమును విషాదమును మారుమారి వచ్చు వ్యాధికిని ఇత్తురు. గర్భస్థ శిశువునకు దానివలని అపాయము చాల హెచ్చు గాన, గర్భమునకు ముందే వైద్యునిచేత మార్పించుకొనవలెను. దానిని సైతము తనకు తాను తటాలున మానరాదు. మూర్ఛరోగికి అది ప్రాణాపాయము.

వైద్యుని యొద్దకు బోవునప్పుడు పాత చీట్లన్నియు తీసికొని పొండు. వ్యాధి ఎన్నిమారులు వచ్చినది, మునుపు మానినప్పుడేమైనది, అతనికి చెప్పుడు. మాత్రలు పుచ్చుకొనుచుండగనే గర్భము నిలిచినదని తెలిసినచో, ఆ రాత్రియే మానివేయక, ఆ వారములోనే వైద్యుని జూడుడు. మనసు మరీ చెదరినచో 2022లో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును. రాత్రియైనను పలుకుదురు.