బర్డీ అంటే పిట్టేనా?

నాయుడుపేట నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాట గురించే చెప్పుకుందాం. ఆ మాట బర్డీ.

2021 ఆగస్టు 7, శనివారం గుర్తుందా? టోక్యో ఒలింపిక్స్. సాయంత్రం నీరజ్ చోప్రా ఈటెకు బంగారు పతకం వచ్చిన రోజు. కానీ ఆ రోజు పొద్దున్నే ఇంకో ఆట జరిగింది. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ గోల్ఫ్‌లో పతకం కోసం పోరాడుతోంది. గోల్ఫ్ ముఖం ఎరగని వాళ్లు కూడా టీవీల ముందు కూర్చున్నారు. కామెంటేటర్ ఏమో బర్డీ కావాలి, బర్డీ కావాలి అంటున్నాడు. చూసేవాళ్లలో చాలామందికి ఆ బర్డీ ఏందో తెలియదు!

ముందు లెక్క చూద్దాం. గోల్ఫ్‌లో ఒక్కో గుంతకి, మంచి ఆటగాడు ఇన్ని దెబ్బల్లో బంతిని అందులో వెయ్యాలి అని ముందే ఒక అంకె పెట్టి ఉంటారు. దాని పేరు పార్. షేర్ మార్కెట్‌లో షేరు అసలు విలువని పార్ అంటారు చూడండి, అక్కణ్ణుంచే వచ్చిందీ మాట. పార్ నాలుగు అనుకోండి, మీరు మూడు దెబ్బల్లో వేసేస్తే బర్డీ. అయిదు పడితే బోగీ. రైలు బోగీ కాదు లెండి, అది వేరే కథ.

మనకి తికమక ఎక్కడంటే, మనం క్రికెట్ మనుషులం. అంకె పెరిగితే సంబరం. ఇక్కడ తగ్గితే సంబరం. సాహిత్ తీగల పేరు వినే ఉంటారు. అమ్మానాన్నలది హైదరాబాద్, తను పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు, 21 అండర్ పార్. అంటే రోజుకి పార్ 72 చొప్పున నాలుగు రోజులకి 288 దెబ్బలు. ఆయన 267తో ముగించాడు. ఆ 21 తగ్గింపు ఎక్కువగా బర్డీల పుణ్యమే.

సరే, పేరుకొద్దాం. బర్డీ అనగానే మనకి పిట్ట గుర్తొస్తుంది. అందులోనూ మనం నేలపట్టుకి దగ్గరోళ్లం. సూళ్లూరుపేట దారిలో దొరవారిసత్రం పక్కకి పోతే, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు కాపరం పెట్టుంటాయి. కాబట్టి బంతి పిట్టలాగా ఎగిరింది, అందుకని బర్డీ అన్నారు అనుకుంటాం. కాదు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో అట్లాంటిక్ సిటీ కంట్రీ క్లబ్ ఉంది. అక్కడ ఆబ్ స్మిత్, ఆయన తమ్ముడో అన్నో విలియం, వీళ్లతో జార్జ్ క్రంప్ ఆడుతున్నారు. ఈ క్రంప్ గారే తర్వాత పైన్ వ్యాలీ అనే పేరుమోసిన మైదానం కట్టించాడు. రెండో గుంత, దాదాపు 350 గజాల దూరం, పార్ నాలుగు. ఆబ్ స్మిత్ కొట్టిన రెండో దెబ్బ పోయి గుంతకి జానెడు లోపల ఆగింది. ఆయన సంతోషం పట్టలేక, ఇది బర్డ్ లాంటి షాట్ అన్నాడు. ఆ రోజుల్లో అమెరికా కుర్రకారు మాటల్లో బర్డ్ అంటే అద్దిరిపోయింది అని. మనవాళ్లు సినిమా చూసొచ్చి కేక అనరూ? అట్లాగన్నమాట. కేక అన్నప్పుడు ఎవరూ గొంతు చించుకుని అరవలేదు కదా! అట్లాగే ఆ బర్డ్‌లో రెక్కలూ లేవు, ఈకలూ లేవు.

అయితే ఆ మాట అక్కడితో గాల్లో కలిసిపోయేదే. నిలబెట్టింది పందెం. పార్ కంటే ఒకటి తక్కువలో వేసినవాడికి డబ్బు రెట్టింపు ఇవ్వాలి అని ఆయన అక్కడికక్కడే ప్రతిపాదించాడు. మిగతా ఇద్దరూ సరే అన్నారు. చేతులు మారే డబ్బుకి ఒక పేరుండాలి కదా, బర్డీ అయింది. స్మిత్ చెప్పిన ఈ సంగతి 1936లో మార్టిన్ రాసిన పుస్తకంలో అచ్చయింది, అందులో 1899 అని ఉంది. క్లబ్ వాళ్లు మాత్రం 1903 అంటారు. ఏడాది సంగతి ఎట్లా ఉన్నా, నాకు పందెం కథే నమ్మబుద్ధేస్తుంది.

తమాషా ఏందంటే, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని నిజం పిట్టే అనుకుని పక్షుల్ని పోగేశారు. రెండు తక్కువైతే ఈగిల్, గద్ద. మూడు తక్కువైతే ఆల్బట్రాస్, మహాసముద్రాల మీద తిరిగే పెద్ద పక్షి. కేక తర్వాత అరుపు, అరుపు తర్వాత గర్జన అని మనం పెట్టుకున్నట్టు! అమెరికా వాళ్లు మూడు తక్కువని ఇప్పటికీ డబుల్ ఈగిల్ అనే అంటారు. రెండు గద్దలు కలిస్తే మూడెట్లా అవుతుందని అడక్కండి, ఆ లెక్క నాకూ కుదరదు.

ఇప్పుడు అదితి దగ్గరికి మళ్లీ పోదాం. చివరి రోజు చివరి గుంత. అప్పటికి ఆమె పార్ కంటే 15 తక్కువలో ఉంది. బర్డీ కోసం దూరం నుంచి బంతిని దొర్లించింది. గుంతలో పడలేదు. పార్‌తో సరిపెట్టుకుంది. నాలుగు రోజులకీ కలిపి 269 దెబ్బలు, నాలుగో స్థానం. జపాన్ అమ్మాయి మోనే ఇనామీ, న్యూజిలాండ్ లిడియా కో ఇద్దరూ 16 తక్కువతో సమానంగా నిలిచి, వెండి ఎవరికి, కంచు ఎవరికి అని మళ్లీ ఆడి తేల్చుకున్నారు. ఆ ఒక్క బర్డీ పడుంటే ఆ తేల్చుకునే ఆటలో అదితి మూడో మనిషిగా ఉండేది.

బోగీ కథ వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. అందులో ఒక దెయ్యం ఉంది, పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి. ఉంటానండీ.