చేరిన కబురు, వేళకు చేరిన కబురు

బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో చేసిన స్మారకోపన్యాసం

మనం ఇవాళ తలుచుకుంటున్న మాస్టారు ఇక్కడి పిల్లలకు రేడియో విప్పి చూపిస్తూ భౌతికశాస్త్రం నేర్పారు. ఆయన పేరిట మాట్లాడమంటే తీగల్లేని సెన్సార్ల చరిత్రే చెప్పాలనిపించింది. బ్యాటరీ మీద నడిచే చిన్న నోడ్లు ఒకదాని చేతి నుంచి మరొకదానికి కబురు ఎలా దాటిస్తాయో మీ ఇంజనీరింగ్ పిల్లలకు తెలుసు. అది మళ్లీ చెప్పను.

1971లో హవాయిలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహా రేడియో నెట్‌వర్క్‌తో మొదలుపెడతాను. ఎవరికి తోచినప్పుడు వారు పంపడం, జవాబు రాకపోతే కాసేపాగి మళ్లీ పంపడం. ఈ పద్ధతిలో చానల్ 18 శాతానికి మించి పనికిరాదని లెక్క తేలింది. కాలాన్ని గళ్లుగా కోసి, గడి మొదట్లోనే పంపాలని కట్టడి చేస్తే అది రెట్టింపవుతుంది. సెన్సార్ నెట్‌వర్క్‌లపై జరిగిన 1978 సదస్సు, ధూళికణమంత నోడ్ల కోసం బర్క్‌లీ వారు చేపట్టిన స్మార్ట్ డస్ట్ గురించి చాలామంది రాశారు. దాటిపోతున్నాను.

నేను ఏళ్లుగా తవ్వుతున్నది 2002, 2003 సంవత్సరాలను. 2002లో పీఎస్‌ఎఫ్‌క్యూ అనే ప్రోటోకాల్ వచ్చింది. కబురును నెమ్మదిగా వదలాలి, ఏ ముక్క పోయినా పక్క నోడ్ నుంచి వెంటనే తెచ్చుకోవాలి. ప్రతి ముక్కా చేరాలన్నది దాని పట్టు. మరుసటి ఏడు ఈఎస్‌ఆర్‌టీ అనే మరో ప్రోటోకాల్ వచ్చి, జరిగింది తెలిసేటంత చేరితే చాలంది. తక్కువైతే సమాచారం పోగుచేసే కేంద్రం నోడ్లను తరచుగా పంపమంటుంది, రద్దీ ముదిరితే తగ్గించమంటుంది. అదే 2003లో వర్జీనియా బృందం స్పీడ్ తెచ్చింది. ఏ పొరుగు నోడ్ ఎంత ఆలస్యం చేస్తోందో కొలిచి, వేగం తగ్గని దారి పడుతుందది. పోయిన ప్యాకెట్‌ను మాత్రం వెతకదు. కబురు చేరుతుందన్న నమ్మకమూ, వేళకు చేరడమూ ఒక్కచోట కుదిరింది 2006 నాటి ఎంఎంస్పీడ్‌లో. తొందర ఎంతో దాన్నిబట్టి వేగాన్ని పొరలు చేశారు, నమ్మకం కోసం ఒకే కబురును పలు దారుల్లో నడిపారు.

ఇక్కడే కొందరు పండితులతో నాకు పేచీ. పొలాల్లో పెట్టే సెన్సార్లకు వేళ పట్టింపు లేదు, లెక్కలన్నీ చేరితే చాలంటారు వారు. నేను ఒప్పుకోను. కర్ణాటకలో తెలుగు వినిపించే పావగడ తాలూకాకు రండి. అక్కడి చెన్నకేశవపురంలో బెంగళూరు ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్ ఈపీఎఫ్‌ఎల్ కలిసి కామన్‌సెన్స్ నెట్ పేరిట సెన్సార్లు నాటాయి. అవి వానాధారపు వేరుశనగ చేలు. పదును ఆరిపోయాక అందిన తేమ లెక్కతో రైతు ఏం విత్తుతాడు? అతని గడువు రోజుల్లో ఉంటుంది, మిల్లీసెకన్లలో ఉండదు. అయినా గడువు గడువే.

నెదర్లాండ్స్ బంగాళదుంప చేను సంగతి వారే నాకు ఎదురు తెస్తారు. ఆకుమాడు తెగులును ముందే పసిగట్టాలని వందకు పైగా నోడ్లు పెడితే, చేరిన సమాచారం 2 శాతం. ఆ పరిశోధకులు 2006లో ఈ వైఫల్యాన్ని దాచకుండా అచ్చువేశారు, అందుకు వారికి నమస్కరిస్తాను. నమ్మకం లోపించిందని పండితులు దాన్ని ఉదహరిస్తారు. నూటికి నూరూ చేరి, అదీ తెగులు పాకాక చేరి ఉంటే ఆ పంట దక్కేదా? ఈ ప్రశ్నకు వారి వ్యాసాల్లో జవాబు దొరకలేదు. ఎన్ని చేరాయని లెక్కపెట్టే పట్టికలో, గడువులోపు ఎన్ని చేరాయన్న వరుస కూడా ఉండాలని నా వాదన.

సభాధ్యక్షులు చీటీ పంపారు, మిగతా చరిత్ర త్వరగా చెబుతాను. 2007లో వైర్‌లెస్‌హార్ట్ ప్రమాణం కాలాన్ని 10 మిల్లీసెకన్ల గళ్లు చేసింది. మన గిర్నీల్లో భోంగా మోగితే పాళీ మారినట్టు, ఎవరి గడిలో వారు మాట్లాడి తప్పుకుంటారు, గడిగడికీ చానల్ మారుతుంది. 2011లో జూరిచ్ పరిశోధకుల గ్లాసీ పద్ధతి, అందరూ ఒకే కబురును ఒకే క్షణంలో పంపితే ఢీకొట్టుకోకపోగా బలపడుతుందని చూపింది. 2012లో గళ్ల పద్ధతి 802.15.4ఇ ప్రమాణంలోకి ఎక్కింది, 2021లో ఆ గళ్ల మీద ఐపీవీ6ను నడిపే 6టిష్ నిర్మాణం ఆర్‌ఎఫ్‌సీ 9030గా వెలువడింది. స్పీడ్ పత్రం నకళ్లు తెచ్చాను, ఇక్కడి పిల్లలు సభ అయ్యాక వచ్చి తీసుకోండి. ఆలస్యాన్ని ఎలా అంచనా కట్టారో ఆ భాగం ముందు చదవండి.