వాతావరణ మార్పు – స్థానిక సంస్థల కర్తవ్యం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బైఐదేండ్లు నిలిచిన పాఠశాల అన్ని వర్షాకాలాలను, అన్ని వేసవులను తట్టుకొన్నది. అయితే రాబోయే ఋతువులు గడచినవాటివలె ఉండబోవని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. పారిశ్రామిక యుగానికి పూర్వమున్న స్థితికంటె భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీలు పెరిగినదనీ, 1901 నుండి 2018 వరకు సముద్రమట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగినదనీ వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్‌ప్రభుత్వ సంఘం 2021లో వెల్లడించినది. మార్పు ప్రపంచమంతటిదే కాని, దెబ్బ తగిలేది ఒక పల్లెకు, ఒక వీధికి, ఒక ఇంటికప్పుకు. అందుచేత దానినెదుర్కొనే తొలి బాధ్యత పంచాయతీలపైన, పురపాలక సంఘాలపైన పడుతున్నది.

1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు పంచాయతీలకు 29 అంశాలను, పట్టణ సంస్థలకు 18 అంశాలను నిర్దేశించినవి. త్రాగునీరు, చిన్న నీటిపారుదల, పారిశుద్ధ్యం, పట్టణ ప్రణాళిక, పర్యావరణ పరిరక్షణ వీటిలోనివే. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం స్థానిక సంస్థల విధులను కూడా పేర్కొన్నది. అధికారం కాగితం మీద ఉన్నది. అది ఆచరణలోకి వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో చెప్పడానికి ఒడిశా తీరం మంచి ఉదాహరణ.

1999 అక్టోబరు 17న ఒక తుపాను గోపాలపురం వద్ద తీరం దాటి బరంపురం ప్రాంతాన్ని అతలాకుతలం చేసినది. పన్నెండు రోజులకే, అక్టోబరు 29న, పారాదీప్ సమీపాన మహాతుపాను విరుచుకుపడినది. దాదాపు పదివేలమంది మరణించారు. ఆ డిసెంబరులోనే రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పడినది. ఎనిమిది వందలకు పైగా తుపాను, వరద ఆశ్రయ భవనాలు క్రమంగా వెలిశాయి. వాటిలో అనేకం మామూలు రోజులలో పాఠశాలలే. గ్రామస్థుల కమిటీలు వాటిని చూసుకొంటాయి. యువకులు ప్రథమచికిత్సలోను, రక్షణ కార్యక్రమాలలోను శిక్షణ పొందుతారు.

ఫలితం 2013 అక్టోబరు 12న తేలినది. ఫైలిన్ తుపాను గోపాలపురం సమీపాన తీరం దాటకముందే దాదాపు పదిలక్షలమందిని సురక్షిత స్థలాలకు తరలించారు. ఇళ్ళు కూలినవి, పంటలు, మొగలి పొదలు నాశనమైనవి. కాని మృతులు వేలలో కాక పదులలోనే ఉన్నారు. గంజాం జిల్లాలోని వెంకట్రాయిపూర్ గ్రామానికి 2020లో యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం 'సునామీకి సంసిద్ధమైన గ్రామం'గా గుర్తింపునిచ్చినది.

వేడిమి విషయమూ ఇట్టిదే. 1998లో వడగాడ్పులకు ఒడిశాలో రెండువేలమందికి పైగా బలియైనారు. తరువాత వేసవిలో బడివేళలను ఉదయానికి మార్చడం, మిట్టమధ్యాహ్నం కూలిపనులు ఆపించడం, చలివేంద్రాలు తెరవడం ఏటా జరిగే ఏర్పాట్లైనవి. 2010 మే నెలలో అహ్మదాబాదులో మామూలు సంవత్సరాలకంటె 1,344 మరణాలు అధికంగా నమోదైనవి. ఆ నగరపాలక సంస్థ 2013లో, దక్షిణాసియాలోనే మొదటిదైన ఉష్ణ నివారణ కార్యాచరణ ప్రణాళికను చేపట్టినది. ముందుగా హెచ్చరించడం, ఆసుపత్రులను సిద్ధపరచడం, నీడను, నీటిని అందుబాటులోనుంచడం దాని సారాంశం. ఇందులో కోట్ల ఖర్చుకంటె ముందుచూపు పాలే ఎక్కువ.

అయినంతమాత్రాన అంతా సవ్యమైనదనుకొనుట పొరపాటు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు ప్రాణనష్టం సముద్రతీరాన కాక, కొండలలో అధికంగా జరిగినది. గజపతి జిల్లా బరఘర వద్ద వానకు గుహలో తలదాచుకొన్నవారిపై కొండచరియలు విరిగిపడినవి. గాలికి, ఉప్పెనకు వేసిన ప్రణాళిక కొండవాలులో నివసించేవారికి చాలలేదు. రుషికుల్య ముఖద్వారం సమీపాన పోదంపేటలో సముద్రం ఇళ్ళనే మ్రింగివేయగా, తరతరాలుగా అక్కడున్న మత్స్యకారులు వేరొకచోట స్థిరపడవలసివచ్చినది. ఆశ్రయ భవనం ఒక రాత్రి ప్రాణం కాపాడగలదు. ఊరు పోయినవారికి వలలు ఆరవేసుకొనే చోటు, పడవ నిలుపుకొనే రేవు కూడా కావాలి. ఆ సంగతి ప్రణాళికలో ముందే వ్రాసి ఉండాలి.

మంచి ప్రణాళికకు నాలుగు లక్షణాలుంటాయి. నీరు నిలిచే చోట్లు, ఎండ మండే చోట్లు పటంలో గుర్తించాలి. వృద్ధులు, వికలాంగులు, గర్భిణులు ఏ ఇంటిలో ఉన్నారో జాబితా ఉండాలి. మురుగు కాలువలకు, చెరువులకు బడ్జెట్టులో సొమ్ము కేటాయించాలి. ఏడాదికొకమారైనా అభ్యాసం జరగాలి. వీటితోపాటు, హెచ్చరిక వినేవారి మాతృభాషలో చేరాలి. గంజాం తీరంలో వల వేసే నోలియాలు ఇంట మాట్లాడేది తెలుగే. వారి వాడకు వెళ్ళే కరపత్రం ఒడియాలోను, తెలుగులోను ఉండడం సౌకర్యం కోసం కాదు, ప్రాణరక్షణ కోసం.

ఇక్కడనే తెలుగు పాఠశాల పాత్ర స్పష్టమవుతున్నది. రెండు భాషలు చదువగల విద్యార్థి తన వాడకు హెచ్చరికను చేరవేయగలడు. తల్లిదండ్రులు గ్రామసభలో, వార్డు సమావేశంలో 'ప్రణాళిక ఎక్కడున్నది? అందులో ఈ వాడ ఉన్నదా?' అని అడుగవచ్చు. ఇంజనీర్లు, వైద్యులు, ఉద్యోగులైన పూర్వ విద్యార్థులు తమ విద్యను పంచాయతీకి అందించవచ్చు. ప్రశ్నించేవారున్నచోటనే స్థానిక ప్రభుత్వం మేల్కొని ఉంటుంది.

నూరేండ్ల పండుగ నాటికి ఈ ప్రాంగణంలో కూర్చుండేవారు నేటి పిల్లల సంతానమే. వారికి నీడ, నీరు, భద్రత మిగల్చడం ఈనాటి పెద్దల చేతిలో ఉన్నది. ఈ విద్యాలయం చిరకాలం వర్ధిల్లుగాక!