చదువునకును వాదమునకును కావలసిన మాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



నేను ఊరి లెక్కలు వ్రాయువాడను. ఏ పాఠశాలయందును శాస్త్రము చదివినవాడను కాను. ఈ బీరువాలలోని గ్రంథములే నాకు గురువులు. వానివలన నేర్చినదానిలో విద్యార్థులకు మిక్కిలి అక్కరకు వచ్చు కొన్ని మాటలను నేడు మీ ముందుంచెదను.

మన సభ్యులు కథలను, నవలలను ఇష్టముతో తీసికొనిపోవుదురు. చరిత్ర, విజ్ఞానము, ఆరోగ్యము, వ్యవసాయము మొదలగు విషయములపై వ్రాసిన గ్రంథములు మాత్రము బీరువాలోనే నిలిచియుండును. ఇట్టి గ్రంథములు తెలుగువారికి తెలుగుననే దొరకవలెనని కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. గ్రంథములు దొరికినవి, వానిని చదువు పద్ధతి ఇంకను మనకు అలవడవలసి యున్నది. కథ చదువునపుడు “తరువాత ఏమైనది?” అని అడుగుదుము. విషయగ్రంథము చదువునపుడు “ఇది నిజమని ఎట్లు తెలిసినది?” అని అడుగవలెను. ఆ ప్రశ్న వేయుటకు మాటలు కావలెను.

మొదట వాస్తవమును, అభిప్రాయమును వేఱుచేయుడు. మన ఊర ఇన్ని ఎకరముల మాగాణి కలదనుట వాస్తవమునకు సంబంధించిన మాట. లెక్క చూచి తప్పొప్పులు తేల్చవచ్చును. మెట్టకంటె మాగాణియే మేలనుట అభిప్రాయము. దానికి కారణము చెప్పవలసియుండును. ఒకే పుటలో ఈ రెండును కలసియుండును. విడదీయలేనివాడు రెండింటిని సమానముగా నమ్మును.

గౌతముని న్యాయశాస్త్రము వాదమునకు అయిదు అవయవములు చెప్పినది. బాలురకు సులభముగా బోధపడుటకై “తర్కసంగ్రహము” వ్రాసిన అన్నంభట్టు ఆంధ్రుడని మీరు గర్వింపవచ్చును. కొండమీద నిప్పున్నదనుట ప్రతిజ్ఞ. పొగ కనబడుచున్నది గనుక అనుట హేతువు. ఎక్కడ పొగయుండునో అక్కడ నిప్పుండును, వంటయింటియందువలె అనుట ఉదాహరణము. ఈ కొండయు అట్టి పొగ కలదియే అనుట ఉపనయము. కాబట్టి కొండమీద నిప్పున్నదనుట నిగమనము.

బాలలారా, బడిలో మీరు చేయు ప్రతిజ్ఞ వేఱు, ఈ ప్రతిజ్ఞ వేఱు. సాధింపదలచిన దానిని ముందుగా ఒక్క వాక్యమున చెప్పుటయే ఇక్కడ ప్రతిజ్ఞ. వ్యాసము వ్రాయ గూర్చుండి ఆ ఒక్క వాక్యము వ్రాయలేకపోయినచో, చెప్పవలసినది ఇంకను మీకే తెలియలేదని గ్రహింపుడు.

ఇక ప్రమాణము. మా లెక్కలలో రసీదు లేని ఖర్చు నిలువదు. తనిఖీకి వచ్చిన అధికారి ఖర్చు పద్దు చూచి “రసీదు ఏది?” అని అడుగును. వాదమునకు ప్రమాణము అట్టిది. కన్నులార చూచినది ప్రత్యక్షము. చూచినదానినిబట్టి చూడనిదానిని ఊహించుట అనుమానము. లోకమున దీనిని సందేహమను అర్థమున వాడుదురు గాని శాస్త్రమున అది కాదు. పోలికవలన తెలిసినది ఉపమానము. నమ్మదగినవాని మాట శబ్దము. ఈ నాల్గవదానియందే మనము మోసపోవుదుము. అచ్చుపడిన మాట యంతయు ఆప్తవాక్యము కాదు. నేడు చేతిలోని ఫోను గడియకొక వార్తను, పూటకొక వైద్యమును తెచ్చుచున్నది. చెప్పినవాడు ఆ విషయము నెఱిగినవాడా, ఉన్నదున్నట్లు చెప్పువాడా అని విచారింపక మందు మ్రింగినవానికి నష్టము పరీక్షలో మార్కులతో పోదు.

కారణమను మాటను మఱింత జాగ్రత్తతో వాడవలెను. కాకి వాలినది, తాటిపండు పడినది. కాకి వాలుటవలననే పండు పడినదనుట తొందరపాటు. మన పెద్దలు దీనికి కాకతాళీయమని పేరు పెట్టిరి. ధవళేశ్వరమున గోదావరిపై ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. పిమ్మట డెల్టా సస్యశ్యామలమైనది. ముందిది, పిమ్మటనది అన్నంతమాత్రమున వాదము పూర్తికాదు. ఆనకట్ట నదిలో నీటిమట్టమును పెంచినది. ఆ నీరు కాలువలలోనికి పాఱినది. కాలువ చేరిన పొలము పండినది. ఇట్లు నడిమి మెట్లన్నియు చూపినపుడే కార్యకారణ సంబంధము నిలుచును.

మన భాష్యకారులు ప్రతిపక్షివాదమును ముందు చెప్పి పిదప తమ నిర్ణయమును చెప్పుదురు. మొదటిది పూర్వపక్షము, రెండవది సిద్ధాంతము. విద్యార్థికి ఫోను మేలా కీడా అని వ్రాయవలసి వచ్చినచో, మీకు నచ్చని పక్షమును ఆ పక్షమువాడే “ఔను, నా మాట ఇదియే” అనునట్లు ముందుగా వ్రాయుడు. తరువాత సమాధానము చెప్పుడు. ఎదుటివాని మాటను వంకరచేసి కొట్టివేయుట గెలుపు కాదు. సత్యము కొఱకు చేయునది వాదము, గెలుపు కొఱకు చేయునది జల్పము, తనకొక పక్షమే లేక ఎదుటివానిని ఖండించుట వితండ. మన రచ్చబండ మీద ఏది ఎంత జరుగుచున్నదో మీకే తెలియును.

చిన్న మాటలను చిన్నచూపు చూడవలదు. “ఏలయనగా” అన్నచోట హేతువు రానున్నది. “అయినను” అన్నచోట దారి మఱలుచున్నది. “కాబట్టి” అన్నచోట నిగమనము వచ్చినది. ఇవి మైలురాళ్లవంటివి. చదువునపుడు వీనిక్రింద పెన్సిలుతో గీత గీయుడు. కాని అది మీ సొంత పుస్తకములో మాత్రమే, గ్రంథాలయపు పుస్తకములో కాదు!

ఇదంతయు బడికేనా అందురేమో. కాలువ చివరి చేలకు నీరందుట లేదని అర్జీ వ్రాయునపుడు ఏమి చేయవలెను? అధికారులను నిందించుచు నాలుగు పుటలు నింపినచో అది ప్రక్కకు పోవును. ఏ తేదీనుండి నీరు రాలేదు, ఎన్ని ఎకరములు ఎండుచున్నవి, అడంగలులో ఏ పైరు వ్రాసియున్నది, పై రైతుల ఆక్షేపణ యేమి, దానికి సమాధానమేమి అని ఒక్క పుట వ్రాసినచో చదివినవాడు బదులు చెప్పక తప్పించుకొనుట కష్టము. బడిలో వ్యాసము వ్రాయ నేర్చిన పిల్లవాడే రేపు ఊరికి ఆ అర్జీ వ్రాయవలసినవాడు.

ఈ రజతోత్సవ సమయమున నాది ఒక్క కోరిక. గ్రంథాలయమున ఒక నోటుపుస్తకము ఉంచుడు. విషయగ్రంథము చదివి తిరిగి ఇచ్చు ప్రతి సభ్యుడును అందు మూడు వాక్యములు వ్రాయవలెను: ఈ గ్రంథపు ప్రతిజ్ఞ యేమి, దానికి చూపిన ప్రమాణమేమి, నాకు తోచిన ఆక్షేపణ యేమి. తరువాత చదువువాడు వానికి బదులు వ్రాయవచ్చును. ఆ పుస్తకము నిండినపుడు మన ఊరు ఎంత చదివినదో కాక, ఎట్లు చదివినదో తెలియును.